కత్తి గుర్తు

నూరు చీటీలకు నాలుగు పెన్నీలు.
ఆ కూలికి మాటల్ని అక్షరక్రమంలో పేర్చేవాణ్ణి,
ఎక్సెటర్‌లో, తోళ్ళ గిడ్డంగి మీది గదిలో.
కింద చర్మాలు నానుతుండేవి,
పైన పదాలు ఆరుతుండేవి.
వాసన మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ చలికాలం నా వంతుకు ‘హెచ్’ వచ్చింది.
ఒక చీటీ మీద మూడే ముక్కలు:
హోరీ. విశేషణం. మురికి.
కింద ఎవరో మఠవాసి రాతలోంచి ఎత్తిన వాక్యం,
సగం దాకా చెదలు తిన్నది:
‘హోరీ వస్త్రంతో విందుకు వచ్చినవాడు...’
వాడేమయ్యాడో పురుగుకే తెలియాలి.

మొదట్లో అది చీమిడికి పేరట,
కాండ్రించి ఉమ్మే గళ్ళకు పేరట.
అక్కణ్ణుంచి చొక్కా చేతికి పాకింది
(ముక్కు తుడుచుకున్న పిల్లాణ్ణి చూస్తే దారి తెలుస్తుంది),
చేతి నుంచి చేతలకు,
చేతల నుంచి మనసులకు.
ఆ తర్వాత ఎటు పోయిందో పోయింది.
మూడు నాలుగు వందల ఏళ్ళుగా కాగితం మీద కనపడలేదు.

సంపాదకులు ట్రెమ్లెట్ గారు
మాట నెత్తిన చిన్న కత్తి గుర్తు గీశారు.
మా లెక్కలో కత్తి అంటే చావు.
ఎవరూ పొడవలేదు,
ఊరికే ఎవరూ పిలవలేదు, అంతే.

సోమవారం, బట్టల రోజు.
నేను అద్దెకున్న ఇంటి వెనక
రాగి కాగు కింద బొగ్గు రాజేసి
థర్జా యెల్లండ్ నా కాలర్ వెలుతురుకు పట్టుకుని
‘ఇది మాసింది కాదబ్బాయ్,
హోరీ’ అంది.

చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.
పాడె మీది మనిషి లేచి
మంచినీళ్ళడిగినట్టయింది.

తేడా ఏమిటని అడిగాను.
‘మాసిందంటే ఒంటిది. మట్టంటే నేలది.
ఇదేమో, తడిగా మూలకు విసిరేసి
మర్చిపోతే పట్టేది’ అని
కాలర్‌ను కాగులోకి తోసింది.
ఇంకా ఏదో అంది. ఆవిరిలో వినపడలేదు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాను.
ట్రెమ్లెట్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు.
‘అదే పలుకుబడితో ఇంకో మాటుందిగా,
నెరిసిన అని. మంచు పట్టిన, బూజు పట్టిన అని.
నీ కాలర్ మీద తెల్లటి బూజు చూసి ఉంటుంది.
రెంటిలో ఏదో ఆమె రాసి చూపించిందా?’

థర్జాకు అక్షరాలు రావు.
మళ్ళీ సోమవారం అదే అడిగితే
బట్టలు పిండుతూ పకపకా నవ్వింది.
సబ్బు నురగ చేత్తో నుదుటి మీది ముంగురులు తోసుకుని
‘ఇదిగో, నా జుట్టు కూడా హోరీయే, రాసుకో’ అంది.
జుట్టు తెల్లగానే ఉంది.
బొగ్గు మసీ ఉంది.
ఏ మాటన్నదో
నేను అడగలేదు.

ఆ రాత్రి కొత్త చీటీ రాశాను.
మాట, అర్థం, తారీఖు.
మూలగ్రంథం అన్నచోట
థర్జా యెల్లండ్, ఉతుకుడు మనిషి, నోటితో.
కట్టలో, చనిపోయినదాని పక్కనే పెట్టాను.

శనివారం కట్ట విప్పి లెక్కపెట్టారు.
తొంభై తొమ్మిది వచ్చాయి.
నూరు నిండకపోతే కూలి లేదు.

గిడ్డంగి మెట్లు దిగుతూ చేతులు చూసుకున్నాను.
గోళ్ళ సందున సిరా.
దానికి ఏ మాట వాడాలో తెలుసు,
పైకి అనబోతే
కింద తోళ్ళు తిరగేస్తున్న కుర్రాడు
ఏంటన్నా, అన్నాడు.